నల్లగుళ్లలో మొక్కిన ఇల్లు

"ఆ మైకు ఇటియ్యి. నువ్వు చెప్పింది చాలు," అన్నాడు నాగేశం.

బస్సులో ఉన్నవాళ్లంతా విన్నారు. విననట్టుండాలని కొందరు కిటికీల్లోంచి బయటికి చూశారు గానీ, అక్కడ చూడటానికి నల్లగుళ్ల గేటూ, దానికి ఇందాకే వేసిన తాళమూ తప్ప ఏమీ లేవు.

భువన మైకు మామగారి చేతిలో పెట్టింది. మెడలో వేలాడుతున్న గైడు కార్డు కూడా తీయబోయి, ఎందుకో ఆగింది. వెళ్లి డ్రైవరు వెనక సీట్లో కూర్చుని, చున్నీతో అరచేతుల దుమ్ము తుడుచుకోసాగింది.

మైకు చేతికొచ్చాక దాంతో ఏం చేయాలో నాగేశానికి తెలియలేదు. సిద్దిపేటలో స్టీలు సామాన్ల దుకాణం ఆయనది. బేరమైతే పొద్దుగూకేదాకా మాట్లాడగలడు. ఈ బస్సు నిండా ఉన్నవాళ్లు ఆయన బజారువాళ్లే, ఆయన మాట మీద వచ్చినవాళ్లే. మా కోడలు గైడయింది, మూడ్రోజుల టూరు, పాత గుళ్లన్నీ తిప్పి చూపిస్తది, చరిత్ర చదివిన పిల్ల అని దుకాణం మెట్టెక్కిన ప్రతివాళ్లకూ చెప్పి, బతిమాలి బస్సు నింపాడు. ఇప్పుడు ఆ బజారువాళ్లందరి ముందూ ఆయనకు తల కొట్టేసినట్టయింది.

"రాళ్లు ముట్టుకోవద్దని ఒక్క ముక్క చెప్తే అయిపోతుండె. ఆ ఇంజనీరు మేడం ముందట నన్ను దొంగ లెక్క నిలవెట్టినవ్."

"తప్పయింది మామయ్యా. చెప్పుడు మర్చిపోయిన," అంది భువన.

వెనక కిటికీ పక్కన కూర్చున్న నాగేశం భార్య సులోచన ఆ మాట విని కళ్లు దించుకుంది.

కోడలు అబద్ధమాడుతోంది. చెప్పడం మర్చిపోలేదు. పొద్దున హనుమకొండ లాడ్జి దగ్గర బస్సు కదిలినప్పుడూ చెప్పింది, మళ్లీ అడవి దారి మొదలైనప్పుడూ చెప్పింది. కూలిపోయిన ద్వారాన్ని మళ్లీ నిలబెడుతున్నారనీ, దాని రాళ్లను వరసగా నేల మీద పరిచి ఉంచారనీ, ఏ రాయి పక్కన ఏది ఉందో అదే వాటి లెక్క గనుక చిన్న పెంకునైనా కదపొద్దనీ విడమరిచి చెప్పింది. అప్పుడు సులోచన ఏం చేసింది? కోడలు అంతమంది మగవాళ్ల ముందు మైకు పట్టుకుని నిలబడితే చూడలేక, పక్కనున్న సుమిత్రమ్మ డబ్బా మూత తీయించి సర్వప్ప ముక్క తినడానికి అడిగింది. కొంచెం గట్టిగానే అడిగింది.

వినపడలేదనడానికి లేదు. చెవిన పడింది. కోడలి మాట గనుక అక్కడే ఆగిపోయింది.

నాగేశం చివరికి మైకు నోటి దగ్గర పెట్టుకుని, అందరూ జెర ఓపిక పట్టాలని, మేడం వచ్చి ఏదో ఒకటి తేల్చేదాకా ఎవరూ దిగొద్దని చెప్పాడు. మైకు కుయ్యిమంది. ఆయన దాన్ని ఆపలేక అలాగే చేతిలో పట్టుకుని కూర్చున్నాడు.

సుమిత్రమ్మ వంగి సులోచన చెవి దగ్గర గుసగుసలాడింది. బట్టల దుకాణం ఆవిడ. వాళ్ల దుకాణమూ వీళ్ల దుకాణమూ ఒకే గోడకు అటూ ఇటూ ఉంటాయి.

"నువ్వు పెడితెనే కద వదినె, మేం పెట్టినం."

"నేను పెట్టుమన్ననా నిన్ను?"

"అనలే. ఇదేంది వదినె అని అడిగితే ఇల్లు కట్టుకునే మొక్కు అంటివి. ఇల్లు ఎవరికి చేదు?"

సుమిత్రమ్మ మరి రెట్టించలేదు. కానీ ఆమె అనకుండా మింగిన మాట ఇద్దరికీ తెలుసు. కేసని, పోలీసులని ఎవరైనా అడిగితే, మొదలు ఎవరు పెట్టారో చెప్పడానికి సుమిత్రమ్మకు పెద్ద ఇబ్బందేమీ లేదు.

జరిగింది ఇదీ. మనవైపు ఏ గుట్ట మీది దేవుడి దగ్గరికి పోయినా, సొంతిల్లు లేనివాళ్లు మూడో నాలుగో రాళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన ఒక పువ్వు పెట్టి దండం పెట్టుకుంటారు. అలా పేరిస్తే ఇల్లవుతుందని నమ్మకం. పేర్చినదాన్ని మళ్లీ తన చేత్తో తాను కదపకూడదు. కదిపితే కట్టబోయే ఇల్లు కూల్చుకున్నట్టే.

నల్లగుళ్లలో గర్భగుడి ఖాళీ. దేవుడే లేడు. అయినా సులోచన లోపలికి తొంగిచూసి దండం పెట్టుకుంది. అందరూ భువన వెంట నంది మంటపం వైపు వెళ్తుంటే, మోకాళ్లు నొప్పులని తాను వెనకబడింది. విరిగిన ద్వారం పక్కన పరిచిన ఇసక మీద పెద్ద పెద్ద రాళ్లకు సుద్దతో అంకెలు వేసి ఉన్నాయి. వాటి పక్కన చిన్న పలకలు, అరచేతిలో ఇమిడేవి, ముచ్చటగా పడున్నాయి. ఎవరో తన కోసమే ఏరి పెట్టినట్టు అనిపించింది ఆమెకు. కూర్చుని పేర్చింది.

పేర్చింది ఒక ఇల్లు కాదు. రెండు.

ఒకటి తనకూ నాగేశానికీ. కిరాయి ఇంట్లోనే ఇన్నేళ్లూ గడిచిపోయాయి గనుక, ఒక సొంత గూడు. రెండోది కొడుకు ప్రణీత్‌కు, కోడలికి. దానికి కొంచెం ఎడంగా, వేరే. జడలోని కనకాంబరాల దండ తెంపి సగం ఒకదాని మీద, సగం ఇంకోదాని మీద పెట్టింది.

వేరుపడాలన్న కోరిక ఆమెకు ఏడాదిగా ఉంది. బయటికి అనలేదు. ఒక్క కప్పు కిందనే ఉండాలనేది నాగేశం పట్టుదల. ప్రణీత్ అయితే ఆ మాట వింటే అన్నం మానేస్తాడు. భువన చెడ్డదని సులోచన కూడా అనదు. కానీ నెలలో సగం రోజులు కోడలు ఊళ్ల మీద ఉంటుంది. మీ కోడలేదమ్మా అని ఎవరైనా అడిగితే, రాళ్లు చూపించడానికి పోయిందని చెప్పడం సులోచనకు నామోషీ. వచ్చిన రోజున కోడలు వంటింట్లో అడుగుపెట్టి ఉప్పు డబ్బా జాగ మార్చిపెడుతుంది. అది కూడా నామోషీయే, ఏమిటో మరి. చెప్పుకుంటే నవ్వుతారు. అందుకే మనుషులకు చెప్పుకోలేక, దేవుడు లేని గుడిలో చెప్పుకుంది.

దండం పెట్టుకుని లేచేసరికి వెనక సుమిత్రమ్మ. ఆమె వెనక ఇంకో ఇద్దరు. నంది మంటపం చూసి మిగతావాళ్లు తిరిగొచ్చేసరికి ఆడవాళ్లంతా ఇసక మీద వంగి ఇళ్లు కడుతున్నారు. అందులో ఎవరిదేదో తెలియకుండా పోయింది. అదొక్కటే సులోచనకు కలిసొచ్చిన సంగతి.

మరమ్మతు పనులు చూసే ఇంజనీరు సింధుజ వచ్చి చూసి, నెత్తిన చేతులు పెట్టుకుని ఆ ఇసకలోనే కూలబడింది. చిన్నది, మన భువన ఈడుదే. అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు. ఎవరు తెచ్చారు వీళ్లను అని మాత్రం అడిగింది. భువన ముందుకు వెళ్లి, నేనే తెచ్చిన, ముట్టుకోవద్దని చెప్పడం మర్చిపోయిన అంది. విన్న ఆడవాళ్లంతా నేల చూపులు చూశారు. ఒక్కరైనా, లేదమ్మా ఆ పిల్ల చెప్పింది అనలేదు. సులోచన కూడా అనలేదు. నోరు తెరవబోయింది. నాగేశం ముఖం చూసి మూసుకుంది.

కాసేపటికి సింధుజ బస్సు దగ్గరికొచ్చి, మెట్టెక్కి నిలబడింది. మాట మెత్తగానే ఉంది.

"ఏ రాయి ఎక్కడినుంచి తీశారో పెట్టినవాళ్లకే తెలుస్తుంది. వచ్చి ఎవరిది వాళ్లు విప్పి, తీసినచోటే పెట్టండి. అట్లయితే నేను పైఆఫీసుకు ఏమీ రాయను. రాకపోతే మాత్రం ఈ గైడును మళ్లీ ఏ గుడి గేటూ దాటనీయొద్దని రాయాల్సి వస్తుంది. నాకు ఇష్టమై కాదు."

ఎవరూ లేవలేదు. చేసింది ఒప్పుకోవడమే సిగ్గు. పైగా పేర్చిన ఇల్లు తన చేత్తో తాను కూల్చడం. సుమిత్రమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఇల్లు లేని ముండలం, ఉన్న ఆశ కూడా కూలగొట్టుకుంటమా అని గొణిగింది. సింధుజ కొంతసేపు చూసి, అన్నం తిని ఆలోచించుకొమ్మని చెప్పి దిగిపోయింది.

ఇప్పచెట్టు కింద చాపలు పరిచారు. పులిహోర పొట్లాలు పంచడానికి ఎవరికీ చేతులు రాకపోతే భువనే పంచింది. అందరూ ఆమె చేతిలోంచి అందుకున్నారు గానీ ఆమె ముఖంలోకి చూసినవాళ్లు లేరు.

సులోచన దూరంగా, బస్సు నీడలో కూర్చుంది. భువన పొట్లమూ నీళ్ల సీసా తెచ్చి పక్కన పెట్టి, తనూ కూర్చుంది.

"గోలీ వేసుకున్నరా అత్తమ్మా? తినకుండ వేసుకోకుండ్రి."

సులోచన పొట్లం విప్పింది. ముద్ద కలుపుతూ ఉండిపోయింది.

"మొదలు మీరే పెట్టిన్రని నాకు తెలుసు," అంది భువన, నెమ్మదిగా. "మంటపం కాడికెల్లి చూసిన. మీరు కూసున్నది కనవడ్డది."

సులోచన ముద్దను పొట్లంలోనే వదిలేసింది.

"మరి ఆపకపోతివి?"

"దండం పెడుతున్నరనుకున్న. గంత మందిల అత్తను కేకేసి ఆపుతనా? అక్కడ్నే నేను తప్పు చేసిన. గైడునయ్యి ఉంటే ఉరికొచ్చి ఆపేదాన్ని. కోడలినై నిలవడ్డ." ఆ పిల్ల కొంచెం నవ్వింది కూడా. "మామయ్యకు చెప్పకుండ్రి. నన్ను అంటే అననీ. మిమ్మల్ని అందరి ముందట అంటే మీరు తట్టుకోరు."

ఈ ఉద్యోగం ఏమవుతుందని సులోచన అడిగింది. భువన దాచలేదు. ఒంటరిగా తీసుకొచ్చిన మొదటి టూరు ఇదేననీ, బాగా జరిగితే టూర్లు నడిపే హైదరాబాదు కంపెనీవాళ్లు పర్మినెంటు చేస్తామన్నారనీ, సింధుజ మేడం రాస్తే ఇక ఏ కంపెనీ కూడా తీసుకోదనీ చెప్పింది. చెప్పి, చెప్పులకంటిన ఇసక దులుపుకుంది.

"పోతే పోనీ. ఒక్క సంగతి మాత్రం మంచిగనిపిచ్చింది అత్తమ్మా. మీరు నా మీద కోపంగ ఉన్నరేమో అనుకునేదాన్ని. మొక్కినప్పుడు మన ఇంటి కోసం మొక్కిన్రు గద. అందరం కలిసి ఉండే ఇల్లు. ఆ ఇంట్ల నన్ను కూడ లెక్కవెట్టిన్రు గద."

సులోచన తల ఊపింది. ఊపకుండా ఉంటే బాగుండేదని ఆ తర్వాత చాలాసార్లు అనుకుంది. ఆ క్షణంలో అంతకంటే ఏమీ చేతకాలేదు. కోడలు లేచి వెళ్లాక, అన్నం పొట్లం మూసి పక్కన పెట్టి, ఎవరికీ కనపడకుండా కళ్లు తుడుచుకుంది.

అప్పుడే ఫోను మోగింది. ప్రణీత్. తండ్రి లేనప్పుడు దుకాణం వాడే చూసుకుంటున్నాడు.

"అమ్మా, ఏమైంది గాడ? భువన గొంతు ఎట్లనో ఉన్నది. ఏం లేదు అంటది."

"ఏం లేదురా."

"బాపు ఏమన్న అన్నడా?"

"లేదురా. ఎండకు తల నొస్తుందట."

"జెర చూసుకో అమ్మా. నువ్వున్నవ్ గద అనే ధైర్యంగున్న," అని వాడు పెట్టేశాడు.

సులోచన ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పొద్దుటినుంచి తనను ఎవరూ ఒక్క మాట అనలేదు. మొగుడు అనలేదు, కోడలు అనలేదు, కొడుకేమో ధైర్యంగా ఉన్నానన్నాడు. ఎవరైనా తిట్టి ఉంటే తిరిగి నాలుగు అని ఊపిరి పీల్చుకునేది. ఇంత మంచితనం మధ్య ఆమెకు సిగ్గుతో ఊపిరాడలేదు.

లేచింది. మోకాళ్లు నిజంగానే నొప్పి పెట్టాయి. చాపల దగ్గరికి వచ్చి, అందరికీ వినపడేలా చెప్పింది.

"మొదలు పెట్టింది నేను. భువన చెప్పుడు మర్చిపోలే. రెండుసార్లు చెప్పింది. నేను ఇనలే. నా ఇల్లు నేను తీసేస్త. మీ ఇష్టం మీది."

నాగేశం నోటి దగ్గరి ముద్ద దించాడు. భువన, వద్దన్నట్టు చెయ్యి ఎత్తింది. సులోచన ఆగలేదు. గేటు దగ్గర సింధుజ తాళం తీసి పక్కకు జరిగింది.

ఇసక దగ్గరికి చేరి వెనక్కి తిరిగి చూస్తే సుమిత్రమ్మ వస్తోంది. ఆమె వెనక మిగిలిన ఆడవాళ్లు, ఒక్కొక్కరే, కొంగులు సర్దుకుంటూ. పొద్దున ఎలా ఆమె వెంట వచ్చారో ఇప్పుడూ అలాగే వచ్చారు.

పేర్చిన ఇళ్లకు ఇందాక ఫోనులో తీసుకున్న ఫోటోలు చూపిస్తూ సింధుజ ఒక్కొక్కరినీ కూర్చోబెట్టింది. భువన పక్కనుండి అడిగింది, ఇది ఎక్కడిది, దీని పక్కన ఏముండె అని. ఆడవాళ్లు గుర్తు తెచ్చుకున్నారు. కష్టంగానే అయినా తెచ్చుకున్నారు. సుమిత్రమ్మ తన ఇల్లు విప్పుతూ కళ్లనీళ్లు పెట్టుకుంది. రాళ్లు వరసలోకి వస్తుంటే సింధుజ ముఖం తేటపడింది. నేను అడిగినట్టే చేశారు, ఇక ఏమీ రాయను అని భువన భుజం తట్టింది. అది విని సులోచన గుండెల్లోంచి బరువు దిగింది. కోడలి ఉద్యోగం నిలబడింది. ఇక తన ఇల్లు విప్పేస్తే అయిపోతుంది.

ఒక్క ఇల్లయితే అయిపోయేది.

"ఈ రెండూ ఎవరివి?" సింధుజ ఫోటో పెద్దది చేసింది. "ఒకే పూలదండ లాగుంది. ఒక్కరే పెట్టినట్టున్నారు."

సులోచన కూర్చుంది. మొదటిదాని మీది పూలు తీసి కొంగులో వేసుకుంది. నాలుగు రాళ్లూ, ఏది ఎక్కడినుంచి తీసిందో తడుముకోకుండా చూపించి, తిరిగి పెట్టేసింది. సొంతిల్లు పోయింది. ఆమెకు పెద్ద బాధ అనిపించలేదు.

రెండోది మిగిలింది.

"రెండెందుకు వదినె?" సుమిత్రమ్మ మామూలుగానే అడిగింది. "నీకు ఒక్క కొడుకే కద. అందరు ఒక్కకాన్నే ఉండవట్టిరి."

అడిగేసి, తనే గతుక్కుమంది. చుట్టూ ఉన్న ఆడవాళ్లకు ఆ మొక్కు తెలుసు. ఎడంగా పెట్టిన రెండో ఇల్లంటే ఏమిటో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. నాగేశం కూడా అప్పటికి వచ్చి వెనక నిలబడి ఉన్నాడు. బస్సులోని మైకు ఇంకా ఆయన చేతిలోనే ఉంది, వైరు తెగి వేలాడుతూ. ఆయన ఆ రాళ్ల వైపూ భార్య వైపూ మార్చి మార్చి చూశాడు.

భువన వంగి ఆ రెండో ఇంటి మీది కనకాంబరాలను చూసింది. పొద్దున లాడ్జిలో ఆ దండను అత్త జడలో పెట్టింది తనే. చేతులు వెనక్కి పోవడం లేదని సులోచన అంటే, పిన్ను నోట పట్టుకుని, నవ్వుతూ పెట్టింది.

ఇప్పుడు నవ్వలేదు. ఇసకలో అత్తకు ఎదురుగా కూర్చుంది. కళ్లనీళ్లు లేవు. గొంతు మాత్రం, ఆడవాళ్లందరినీ ఇందాకటినుంచి అడిగిన గొంతే.

"ఇది నా ఇల్లేనా, అత్తమ్మా?"

సులోచనకు తల ఊపడం చేతకాలేదు. ఇందాక ఊపిన తల అది.

"మీరు తీస్తరా? నన్నే తీసెయ్యుమంటరా?"

గాలికి ఒక పువ్వు జారి ఇసకలో పడింది. సింధుజకు ఏమీ అర్థంకాక అందరి ముఖాలూ చూస్తోంది. సులోచన చెయ్యి చాచింది. పై పలక దాకా పోయింది చెయ్యి. తీసేస్తే అయిపోతుంది. తీసేసి, లేదు బిడ్డా, నువ్వు మాతోనే ఉండాలి అంటే అందరూ నమ్ముతారు, ఈ పిల్ల కూడా నమ్ముతుంది.

కానీ ఆ రాతి మీద వేళ్లు ఆనించగానే సులోచనకు తెలిసింది. అంత సిగ్గులోనూ, అంతమంది ముందూ, ఆ పిల్ల అంత మంచితనం చూసిన తర్వాత కూడా, ఆ కోరిక తనలో అట్లాగే ఉంది. ఇల్లు తీయడానికి చెయ్యి రాలేదు.

భువన ఆ చేతినే చూస్తూ కూర్చుంది.